ఫుట్‌పాత్‌కు ఒక పద్దు కేటాయించండి: చిన్న పట్టణాల పాలకవర్గాలకు బహిరంగ లేఖ

చిన్న పట్టణాల పురపాలక సంఘాల అధ్యక్షులకు, సభ్యులకు, కమిషనర్లకు, ఇంజినీరింగ్ అధికారులకు నమస్కారాలతో,

వచ్చే ఆర్థిక సంవత్సరపు బడ్జెట్ అంచనాలు మీ ముందుకు రాకముందే ఒక విషయాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పట్టణంలో రోడ్డు వేయడానికి ఒక పద్దు ఉంటుంది, వీధిదీపాలకు ఉంటుంది, మురుగుకాల్వలకు ఉంటుంది. ఫుట్‌పాత్‌కు మాత్రం చాలా చిన్న పట్టణాల్లో సొంత పద్దు ఉండదు. పైనుంచి ఏదైనా గ్రాంటు వచ్చినప్పుడో, ప్రధాన వీధిని అందంగా తీర్చిదిద్దాలన్న ఆలోచన పుట్టినప్పుడో, రోడ్డు పనిలో కొంత సొమ్ము మిగిలినప్పుడో ఒక ముక్క వేస్తారు. తరువాత ఏళ్ల తరబడి ఆ ఊసే ఉండదు. నేను కోరుతున్నది ఒక్కటే. ఫుట్‌పాత్‌ను రోడ్డులో భాగంగా లెక్కించి, రోడ్డుకు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచే దానికీ ఏటా కొంత వాటా కేటాయించాలి. ఏ వీధిలో ముందు వేయాలి, ఎంత వెడల్పు ఉండాలి, ఎవరు బాగుచేయాలి అన్న ప్రశ్నలన్నీ ఆ నిర్ణయం జరిగాకే అర్థవంతమవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన రోడ్డు భద్రత నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో సుమారు 11.9 లక్షల మంది చనిపోయారు. వారిలో 2,74,000 మంది, అంటే నూటికి 23 మంది, నడిచి వెళ్తున్నవారు. 2010తో పోలిస్తే మొత్తం మరణాలు కొంత తగ్గగా, పాదచారుల మరణాలు 3 శాతం పెరిగాయి. వాహనంలో కూర్చున్నవారిని కాపాడే సాధనాలు ఏటేటా మెరుగవుతున్నాయి కాబట్టి వారి సంగతి కొంతవరకు వాహన తయారీదారులు చూసుకుంటారు. నడిచే మనిషిని కాపాడవలసింది మాత్రం ఆ రోడ్డును గీసినవారే. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ తాను సిఫారసు చేసే నిరూపిత భద్రతా చర్యల్లో ఫుట్‌పాత్‌ను చేర్చి, రోడ్డు వెంబడి నడిచేవారికి జరిగే ప్రమాదాలు దానివల్ల 65 నుంచి 89 శాతం వరకు తగ్గుతాయని చెబుతోంది. ఇంత చవకగా ఇంత ఫలితమిచ్చే పని పురపాలక సంఘం చేతిలో మరొకటి ఉంటుందని నేను అనుకోను.

చిన్న పట్టణంలో వాహనాలు తక్కువే కదా, ఫుట్‌పాత్‌ల అవసరం నగరాలకు కదా అన్న మాట కౌన్సిల్ సమావేశాల్లో తరచు వినబడుతుంది. వాహనాల సంఖ్య తక్కువైనంత మాత్రాన ముప్పు తక్కువ కాదు. నగరంలో రద్దీ వల్ల వాహనాలు వాటంతట అవే నెమ్మదిస్తాయి. చిన్న పట్టణంలోకి వచ్చే వాహనం ఊరి బయటి ఖాళీ రోడ్డు మీద అందుకున్న వేగంతోనే బడి ముందు నుంచి, ఆసుపత్రి ముందు నుంచి దూసుకుపోతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పైగా చిన్న పట్టణంలో బడి, సంత, బస్సు స్టాపు, ప్రభుత్వ కార్యాలయం సాధారణంగా కాలినడకన అందే దూరంలోనే ఉంటాయి. నగరంలో వేసే ఒక కిలోమీటరు ఫుట్‌పాత్ ఒక పేటకు ఉపయోగపడితే, చిన్న పట్టణంలో అదే కిలోమీటరు ఊరిలో చాలా భాగానికి ఉపయోగపడుతుంది.

స్పెయిన్‌లోని పోంతెవేద్రా మహానగరమేమీ కాదు. 1999 నుంచి అక్కడి పాలకవర్గం పట్టణ కేంద్రంలో నడిచేవారికి మొదటి స్థానమిచ్చి వీధులను మార్చుకుంటూ వచ్చింది. ఆ పట్టణం చేసిన పనుల్లో ఖర్చు అంతగా లేనిది ఒకటుంది. మెట్రో రైలు పటం తరహాలో పట్టణంలోని ముఖ్యమైన చోట్లను గీతలతో కలిపి, ఒక చోటి నుంచి మరొక చోటికి నడిచి వెళ్లడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో ఆ గీతల మీద రాసి పెట్టారు. ఊరంతా ఎంత దగ్గరదగ్గరగా ఉందో ఆ పటం చూసినవారికి వెంటనే తెలిసిపోతుంది. అలాంటి పటాన్ని మీ ఇంజినీరింగ్ విభాగం సొంతంగానే తయారుచేయగలదు. ఫుట్‌పాత్ ప్రణాళికకు మొదటి కాగితంగా అదే పనికొస్తుంది.

ఇక ప్రణాళిక సంగతి. ఇది కన్సల్టెంటు కార్యాలయంలో మొదలుకాకూడదు. పాలకవర్గ సభ్యులు, ఇంజినీరు కలిసి ముఖ్యమైన వీధులను కాలినడకన చూడాలి. బడి వదిలే వేళ ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన వెలిసిన వెంటనే ఒకసారి చూస్తే ఒకే వీధి మూడు వీధులుగా కనిపిస్తుంది. తారు అంచు పక్కన గడ్డి అరిగి, మట్టి గట్టిపడి, ఒక మనిషి పట్టేంత సన్నని దారి పడి ఉన్న చోటల్లా రోజూ మనుషులు నడుస్తున్నారని అర్థం. ఫుట్‌పాత్ ఎక్కడ కావాలో చెప్పడానికి అంతకు మించిన సర్వే అక్కరలేదు. చక్రాల కుర్చీ వాడేవారిని, చూపులేనివారిని, చంటిపిల్లల బండి తోసుకొచ్చే తల్లిని, చేతికర్రతో నడిచే పెద్దవారిని వెంట రమ్మని అడగండి. ఆరోగ్యవంతుడైన ఇంజినీరు కంటికి ఆనని అడ్డంకి వారికి అడుగడుగునా తగులుతుంది. చక్రాల కుర్చీ ముందు చక్రాలు చాలా చిన్నవి. కాంక్రీటు పలకల మధ్య రెండు సెంటీమీటర్ల మెట్టు ఉంటే అవి అక్కడే ఆగిపోతాయి, కుర్చీ ముందుకు ఒరుగుతుంది, కూర్చున్న మనిషి పడిపోవచ్చు. అందుకే అమెరికాలో అందరికీ అందుబాటు కోసం పెట్టిన ప్రమాణాలు సుమారు 6 మిల్లీమీటర్లకు మించిన నిలువు మెట్టును ఒప్పుకోవు, 13 మిల్లీమీటర్ల వరకైతే అంచును ఏటవాలుగా చెక్కాలంటాయి. కొలతల పుస్తకంలో ఇంత చిన్న అంకె కనబడినప్పుడు అది ఎందుకుందో ఆ వీధిలో ఒకసారి నడిచినవారికే తెలుస్తుంది.

ఇలా చూసి రాసుకున్నదంతా ఒక పటం మీదికి ఎక్కించి, ఫుట్‌పాత్ బాగున్న చోటు, ఉండీ పనికిరాని చోటు, అసలు లేని చోటు అని మూడు రంగుల్లో గుర్తించి ప్రజలకు చూపండి. ఆ తరువాత ఏ వీధి ముందు అన్న ప్రశ్నకు జవాబు ఫిర్యాదుల సంఖ్యను బట్టి తేల్చవద్దని ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. ఫిర్యాదు రాసే తీరిక, కౌన్సిల్ సభ్యుడి ఇంటి తలుపు తట్టే చనువు అందరికీ ఉండవు. తెల్లవారకముందే పనికి నడిచి వెళ్లేవారి వీధి నుంచి అర్జీ రాకపోవచ్చు. బడికి ఎంత దగ్గర, ఆసుపత్రికి ఎంత దగ్గర, బస్సు స్టాపుకు ఎంత దగ్గర, ఆ రోడ్డు మీద వాహనాల వేగమెంత, అక్కడ ఇంతకుముందు ప్రమాదాలు జరిగాయా, వాహనం లేని కుటుంబాలు అక్కడ ఎన్ని అన్న ప్రశ్నలకు మార్కులు వేసి, ఆ పట్టికను ముందుగానే ఆమోదించి, దాని ప్రకారమే పనులు చేపడితే తరువాత ఎవరి ఒత్తిడికీ లొంగవలసిన పని ఉండదు. తన వీధి జాబితాలో వెనుక ఎందుకు పడిందని అడిగే పౌరుడికి చూపించడానికి కూడా మీ చేతిలో ఒక కాగితం ఉంటుంది.

ఎక్కువ మార్కులు వచ్చిన వీధుల్లో కూడా మొదట ఖాళీలు పూడ్చండి. రెండు వందల మీటర్లు చక్కగా సాగి, ముప్పై మీటర్లు మాయమై, మళ్లీ మొదలయ్యే ఫుట్‌పాత్‌లు ఎన్నో చూస్తుంటాం. ఆ ముప్పై మీటర్ల దగ్గర నడిచే మనిషి రోడ్డు మీదికి దిగక తప్పదు, ఆ చోట వెనుక నుంచి వచ్చే వాహనం అతనికి కనబడదు. అంతకుముందు రెండు వందల మీటర్లకు పెట్టిన ఖర్చు ఆ ముప్పై మీటర్ల వల్ల సగం వృథా అవుతుంది. కొత్త వీధిలో రిబ్బను కత్తిరించే పని కంటికి కనబడుతుంది, ఖాళీ పూడ్చిన పని ఫొటోకు పనికిరాదు, అయినా డబ్బుకు తగిన ఫలితం వచ్చేది రెండో దాంట్లోనే.

ప్రతి సందుకూ ఫుట్‌పాత్ కావాలని నేను అనడం లేదు. వాహనాలు గంటకు 20 కిలోమీటర్లు మించకుండా వెళ్లే ఇరుకు సందుల్లో అందరూ ఒకే దారి మీద నడవగలరు. అక్కడ చేయవలసిన పని వాహనాల వేగాన్ని ఆ స్థాయిలోనే ఉంచడం. ఒక మోస్తరు రద్దీ ఉన్న వీధిలో ముందు ఒకవైపు వేసి, దాటే చోట్లు సరిగా ఏర్పాటుచేసి, రెండోవైపు తరువాతి విడతకు ఉంచుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద మాత్రం రెండు వైపులా ఉండి తీరాలి. ఒకవైపే ఉంటే రెండోవైపు ఇంటి నుంచి బయటికొచ్చిన బిడ్డ ఫుట్‌పాత్ ఎక్కడానికి ముందు ఆ రోడ్డునే దాటాలి.

వెడల్పు దగ్గర రాజీ పడవద్దు. దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే భారత రోడ్ల కాంగ్రెస్ 2012లో సవరించిన పాదచారుల సదుపాయాల మార్గదర్శకాలు అడ్డంకులేమీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలని చెప్పాయి. వికలాంగులకు అందుబాటు ప్రమాణాలు రూపొందించే అమెరికా యాక్సెస్ బోర్డు 2023లో ఖరారు చేసిన నియమాలు సుమారు 1.2 మీటర్లను కనీస వెడల్పుగా ఒప్పుకుంటూనే, దారి అంత ఇరుకైనప్పుడు ఎదురెదురుగా వచ్చిన రెండు చక్రాల కుర్చీలు తప్పుకోవడానికి సుమారు ప్రతి 60 మీటర్లకు వెడల్పైన చోటు ఉండాలంటాయి. ఈ అంకెలన్నీ మనిషి నిజంగా నడవగలిగిన ఖాళీ దారికి సంబంధించినవి. రెండు మీటర్ల ఫుట్‌పాత్ మధ్యలో కరెంటు స్తంభం, దాని పక్కన సూచిక బోర్డు, ఆపైన చెత్త డబ్బా ఉంటే కాగితం మీద రెండు మీటర్లు, నడవడానికి అర మీటరు. స్తంభాలు, బోర్డులు, చెట్లు, బెంచీలు అన్నీ రోడ్డు వైపు అంచున ఒకే వరుసలో ఉండేలా నక్షాలోనే చూపించాలి. రోడ్డు పక్కన అమ్ముకునేవారికీ ఆ వరుసలోనో, వెడల్పైన చోటనో స్థలం గుర్తించాలి. వారిని లెక్కలోకి తీసుకోకుండా నక్షా గీస్తే వారు నడిచే దారిలోనే కూర్చుంటారు, తప్పు వారిది కాదు. పెద్ద చెట్టు అడ్డొస్తే చెట్టును ఉంచి దారినే కాస్త వంచండి. నీడ లేని ఫుట్‌పాత్ మీద ఎండాకాలంలో ఎవరూ నడవరు.

స్థలం లేదన్న జవాబు చాలాసార్లు టేపు పెట్టి కొలవకముందే వస్తుంది. వాహనాలు నెమ్మదిగా వెళ్లవలసిన పట్టణ వీధిలో వాహనాలు వెళ్లే ఒక్కో వరుసకు (లేన్‌కు) 3.5 మీటర్ల వెడల్పు అక్కరలేదు, 3 మీటర్లు సరిపోతాయి. రెండు వరుసల రోడ్డు మీద అలా ఒక మీటరు మిగులుతుంది. వరుసలు ఇరుకైతే వాహనదారులు వేగం తగ్గిస్తారు కాబట్టి అది రెండు విధాలా మేలే.

ఎత్తు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఫుట్‌పాత్‌లు పాడయ్యేది ఇక్కడే. వాహనాలు ఎక్కకుండా ఉండాలని కర్బ్‌ను, అంటే ఫుట్‌పాత్ అంచు రాయిని, అడుగు ఎత్తు పెడతారు. పెద్దవారు అంత ఎత్తు ఎక్కలేక పక్కన రోడ్డు మీదే నడుస్తారు. భారత రోడ్ల కాంగ్రెస్ చెప్పిన 150 మిల్లీమీటర్లు మించకూడదు. రెండో సంగతి, ఆ 150 మిల్లీమీటర్లను కాపాడుకోవాలి. రోడ్డుకు కొత్త పొర వేసిన ప్రతిసారీ పాతదాన్ని గీకి తీయకుండా దాని మీదే మరో 40, 50 మిల్లీమీటర్ల తారు పోస్తే, మూడు నాలుగు విడతల్లో కర్బ్ పూర్తిగా మునిగిపోతుంది. అప్పుడు ఫుట్‌పాత్, రోడ్డు ఒకే మట్టానికి వచ్చి వాహనాలు పైకెక్కుతాయి, వాననీరు ఇళ్లవైపు మళ్లుతుంది, ఆపైన ఫుట్‌పాత్‌ను మళ్లీ ఎత్తు చేయడానికి ఇంకో అంచనా తయారవుతుంది. రోడ్డు టెండరు షరతుల్లోనే పాత పొరను తొలగించి వేయాలని ఒక వాక్యం చేరిస్తే ఆ ఖర్చంతా తప్పుతుంది. మూడోది గేట్ల సంగతి. ప్రతి ఇంటి గేటు ముందూ ఫుట్‌పాత్‌ను రోడ్డు మట్టానికి దింపి మళ్లీ లేపితే నడిచే మనిషికి దిగడం, ఎక్కడం తప్ప నడక ఉండదు. ఫుట్‌పాత్ ఒకే మట్టంలో సాగాలి. వాహనం ఎక్కే వాలు రోడ్డు అంచున, స్తంభాల వరుస ఉన్న చోట మాత్రమే ఉండాలి. అడ్డంగా నీరు జారడానికి 2 శాతం వాలు చాలు, అంతకు మించితే చక్రాల కుర్చీ పక్కకు లాగేస్తుంది. వీధి దాటే చోట దిగే ర్యాంపు పన్నెండు మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తును మించిన వాలుతో ఉండకూడదు.

చూపులేనివారి కోసం పాదానికి తెలిసే గీతలు, బుడిపెలు ఉన్న పలకలను జపాన్‌లో సెయిచి మియాకే 1965లో రూపొందించగా, 1967లో ఒకాయామా పట్టణంలో అంధుల పాఠశాల దగ్గరి రోడ్డు మీద మొదటిసారి పరిచారు. పొడుగు గీతలున్న పలక ముందుకు సాగమని, గుండ్రని బుడిపెలున్న పలక ఆగి చూసుకోమని చెబుతుంది. ఆ తేడా తెలియకుండా రంగు బాగుందని వాటిని అలంకారంగా పరిస్తే, ఆ గీతను నమ్ముకుని నడిచే మనిషి నేరుగా స్తంభానికి తగులుతాడు. పని ఒప్పగించే ముందు కాంట్రాక్టరుకు ఈ ఒక్క విషయం దగ్గరుండి చెప్పించండి.

ఇప్పుడు నిధుల మాట. డబ్బు లేదన్నది నిజమే, చిన్న పట్టణానికి ఏ పనికీ చాలినంత డబ్బు ఉండదు. కానీ రోడ్డుకు పెట్టే సొమ్ముతో పోల్చి చూసినప్పుడు ఫుట్‌పాత్ లెక్క వేరు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను తిప్పుతూ అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం (ఆషో) చేసిన రోడ్డు పరీక్షలో, రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు మీది బరువును బట్టి దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లు. ఆ లెక్కన మనిషి పాదం వల్ల కాంక్రీటుకు కలిగే నష్టం శూన్యమే. గట్టిపరచిన నేల మీద 100 మిల్లీమీటర్ల మందాన, వాహనాలు దాటే గేట్ల దగ్గర 150 మిల్లీమీటర్ల మందాన పోసి, సరైన దూరంలో జాయింట్లు కోసి, వారం రోజులైనా తడిపిన ఫుట్‌పాత్ దశాబ్దాలు నిలుస్తుంది. తారు రోడ్డుకు అన్నేళ్లలో ఎన్నిసార్లు పొర వేయాలో మీ ఇంజినీరును అడగండి. ఫుట్‌పాత్‌ను త్వరగా చంపేవి మూడే: కింద సరిగా పూడ్చని గుంత, చెట్టు వేరు, పైకెక్కే వాహనం. మూడింటినీ ముందుచూపుతో ఆపవచ్చు.

కాబట్టి రోడ్ల బడ్జెట్‌లో ఒక స్థిరమైన శాతాన్ని ఫుట్‌పాత్‌లకు ఏటా కేటాయిస్తూ తీర్మానం చేయాలని కోరుతున్నాను. ఎంత శాతమన్నది మీ మూడు రంగుల పటంలో ఫుట్‌పాత్ లేనివిగా గుర్తించిన ముక్కల పొడవును బట్టి, వాటిని ఎన్నేళ్లలో పూర్తిచేయాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. ఇది ఊహాజనితమైన ఆలోచన కాదు. అమెరికాలోని శాక్రమెంటో నగరం మీద వికలాంగులు వేసిన దావాలో, ఫుట్‌పాత్ కూడా నగరం ప్రజలకు అందించే సేవే, అది అందరికీ అందుబాటులో ఉండవలసిందే అని అక్కడి అప్పీలు కోర్టు 2002లో తీర్పు చెప్పింది. ఆ తరువాతి ఒప్పందంలో నగరం తన వార్షిక రవాణా నిధుల్లో 20 శాతాన్ని 30 ఏళ్ల వరకు ఈ పనికే ఖర్చు పెట్టడానికి అంగీకరించింది. కోర్టు మెట్లు ఎక్కాక ఒప్పుకున్న ఆ వాటాను ముందే ఇష్టపూర్వకంగా పెట్టి ఉంటే ఎంత గౌరవంగా ఉండేది! భారత సుప్రీంకోర్టు కూడా 2025 మే నెలలో, పాదచారులు ఫుట్‌పాత్‌లను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని స్పష్టం చేసి, రాష్ట్రాలు అందుకు మార్గదర్శకాలు రూపొందించాలని ఆదేశించింది.

ఆ వాటా చిన్నదైనా ఎక్కువ దూరం రావాలంటే పనులను జతచేయాలి. మురుగుకాల్వ తవ్వినప్పుడు దాని పైకప్పునే ఫుట్‌పాత్‌గా వాడుకునేలా నక్షా గీయవచ్చు. మంచినీటి గొట్టాలు మార్చే ఏడాది తెలిస్తే ఆ వీధి ఫుట్‌పాత్‌ను ఆ తరువాతికి ఉంచుకోవాలి. కొత్త కాంక్రీటు ఆరకముందే ఇంకో శాఖ వచ్చి తవ్విపోవడం పౌరులకు ఎంత బాధ కలిగిస్తుందో మీకు తెలియనిది కాదు. మూడేళ్లకు సరిపడే తవ్వకాల పట్టికను అన్ని శాఖలూ ఒకచోట కూర్చుని తయారుచేసుకుంటే ఖర్చు లేకుండానే చాలా సొమ్ము మిగులుతుంది.

కొన్ని చోట్ల ఇంటి ముందు ఫుట్‌పాత్ ఖర్చును ఆ ఇంటి యజమాని మీదే వేస్తారు. ఈ పద్ధతిని చేపట్టవద్దని గట్టిగా చెబుతాను. కలిగినవారి ఇంటి ముందు బాగుంటుంది, లేనివారి ఇంటి ముందు విరిగిపోయి ఉంటుంది, నడిచే మనిషికి రెండూ దాటక తప్పదు. మూలన ఉన్న ఇంటివారికి రెండు వైపులా ఖర్చు, పక్కవారికి ఒకవైపే. పైగా ఆ దారిని వాడేది ఊరంతా. అమెరికాలో అనేక పట్టణాలు తరాలుగా ఈ పద్ధతినే పాటించి, దాని ఫలితం చూశాక ఇప్పుడు మార్చుకుంటున్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా అనే చిన్న పట్టణం ఊరిని ఐదు ఫుట్‌పాత్ మండలాలుగా విభజించి, ఆస్తులన్నిటి మీదా ఏటా కొద్దిపాటి రుసుము వసూలుచేసి, మరమ్మతులు, కొత్త పనులు తానే చేస్తోంది. డెన్వర్ నగర ఓటర్లు 2022 నవంబరులో అలాంటి ఏర్పాటునే ఓటు వేసి ఆమోదించారు. కొత్త లేఅవుట్లకు, పెద్ద భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు ఫుట్‌పాత్ వేయాలన్న షరతు పెట్టడం మాత్రం న్యాయమే. అక్కడ ముక్క వేయడం అర్థంలేనిదైతే దానికి సమానమైన సొమ్మును జమచేయించుకుని, జాబితాలో ముందున్న వీధికి వాడవచ్చు.

గ్రాంట్లను కాదనవలసిన పని లేదు, వాటి మీదే ఆధారపడితేనే నష్టం. గ్రాంటు ఇచ్చేవారికి వారి గడువులుంటాయి, వారి ఇష్టాలుంటాయి. వాటి కోసం పరుగెత్తే పట్టణం తనకు అవసరమైన వీధిని వదిలి, దరఖాస్తులో బాగా కనబడే వీధిని ఎంచుకుంటుంది. ఎక్కువ గ్రాంట్లు వాటా నిధి, అంటే పట్టణం తన వంతుగా పెట్టే సొమ్ము, అడుగుతాయి కూడా. ఉదాహరణకు అమెరికాలో నడక, సైకిలు దారులకు ఇచ్చే ఫెడరల్ నిధుల్లో సాధారణంగా 80 శాతం కేంద్రానిది, 20 శాతం స్థానికులది. అందులోనూ ముందు పట్టణమే ఖర్చుపెట్టి తరువాత బిల్లులు చూపి రాబట్టుకోవాలి. చేతిలో సొంత సొమ్ము లేని చిన్న పట్టణం ఆ నిధులకు అర్హమై కూడా అందుకోలేకపోతుంది. మీకు గ్రాంటు ఎక్కడి నుంచి వచ్చినా ఇబ్బంది ఇలాగే ఉంటుంది. ఏటా కేటాయించే వాటా అప్పుడు వాటా నిధిగా అక్కరకొస్తుంది, ఆమోదం పొందిన జాబితా దరఖాస్తుగా అక్కరకొస్తుంది. జాబితాలో మొదటి రెండు మూడు పనులకు నక్షాలు, అంచనాలు ముందే సిద్ధం చేసి ఉంచుకోండి. నిధులు ప్రకటించిన రోజున కాగితాలు సిద్ధంగా ఉన్న పట్టణానికే అవి దక్కుతాయి.

వేసిన దాన్ని నిలబెట్టే సొమ్మును కూడా అదే పద్దులో చూపించాలి. పగిలిన ఒక పలకను ఆ ఏడాదే మార్చకపోతే దాని కింద నీరు చేరి పక్క పలక కుంగుతుంది. గుంత తవ్విన శాఖ దాన్ని పూర్వస్థితికి తెచ్చాకే డిపాజిట్ వెనక్కి ఇవ్వాలన్న నియమం చాలా పట్టణాల్లో కాగితం మీద ఉంది, అమలులో లేదు. దాన్ని అమలుచేసే బాధ్యత ఒక ఉద్యోగికి పేరుపెట్టి అప్పగించండి.

చిన్న పట్టణాల్లో అన్నిటికన్నా చిక్కైన రోడ్డు ఊరి మధ్యగా పోయే హైవే. వాహనాల వేగం అక్కడే ఎక్కువ, మనుషులు దాటేదీ అక్కడే, కానీ ఆ రోడ్డు పురపాలక సంఘానిది కాదు. హైవే శాఖ ఫుట్‌పాత్ పట్టణం పని అంటుంది, పట్టణం రోడ్డు హైవే శాఖదంటుంది, మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. ఎవరు వేయాలి, ఎవరు నిర్వహించాలి, దాటే చోట్లు ఎక్కడ, పట్టణ పరిధిలో వేగ పరిమితి ఎంత అన్నవి రాతపూర్వక ఒప్పందంగా ఉండాలి. హైవే విస్తరణకో, కొత్త పొరకో ఆ శాఖ ప్రతిపాదన పంపినప్పుడు మీ అభిప్రాయం అడుగుతుంది. ఒప్పందం కుదుర్చుకోవడానికి ఆ సమయం వదులుకోవద్దు. టెండరు ఖరారయ్యాక ఒక్క మీటరు మార్పించడం కూడా కష్టం.

ఈ లేఖ అందాక మీరు చేయవలసిందిగా కోరుతున్న మొదటి పని తదుపరి కౌన్సిల్ సమావేశపు ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చడం. వీధులు నడిచి చూసే తేదీలను, మార్కుల పట్టికను, రోడ్ల బడ్జెట్‌లో ఇచ్చే శాతాన్ని ఆ సమావేశంలోనే తీర్మానించి, బడ్జెట్ ఆమోదానికి ముందే ఆ తీర్మానం ప్రతిని నోటీసు బోర్డు మీద అంటించండి. నడిచి చూసే రోజున చక్రాల కుర్చీ వాడేవారికి ముందుగా కబురు పంపడం మరవవద్దు. వారు ఆ చోటికి చేరుకోవడానికి వాహనం ఏర్పాటుచేయవలసి వస్తుంది, ఎందుకంటే ఫుట్‌పాత్ ఇంకా లేదు.

ఇట్లు,
నడిచి వెళ్లేవారి పక్షాన ఒక పౌరురాలు